నది ఒడ్డున ఎవరికి చోటు

(మహిళా సంఘం సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న అంశం 'నగరాభివృద్ధి - స్త్రీల హక్కులు'. ఇంత పెద్ద విషయం మీద గంటసేపు మాట్లాడితే అన్నిటినీ ముట్టుకుని దేన్నీ పట్టుకోకుండా పోతాం. అందుకని ఒకే ఒక్క చోటు గురించి చెప్తాను. అహ్మదాబాద్ నగరం మధ్యనుంచి పారే సబర్మతి నది ఒడ్డున కట్టిన రివర్ ఫ్రంట్ గురించి. మా చెల్లెలి కూతురు ఉద్యోగరీత్యా అక్కడ ఉంటోంది. పోయిన చలికాలం ఆమె దగ్గర రెండు వారాలున్నాను. దాదాపు రోజూ సాయంత్రం ఆ ఒడ్డుకి వెళ్ళాను, ఆదివారాలు పొద్దున్నే కూడా వెళ్ళాను. "పెద్దమ్మా, ఊళ్ళో చూడాల్సినవి ఇంకా చాలా ఉన్నాయి" అని ఆ పిల్ల మొత్తుకుంది కానీ నాకు అదే చూడాలనిపించింది.

ఎందుకంత పట్టుదల అంటే కారణం మీకు తెలుసు. మూసీ. హైదరాబాదులో మూసీ ఒడ్డు అభివృద్ధికని 2017లోనే ఒక కార్పొరేషన్ పెట్టారు. 2024లో ప్రభుత్వం 55 కిలోమీటర్ల పొడవునా నదిని బాగుచేసి రెండు ఒడ్లనూ తీర్చిదిద్దుతామన్నది. ఆ సెప్టెంబరు చివర్లో ఒడ్డు బస్తీల గోడల మీద ఎర్ర రంగు గుర్తులు పడ్డాయి. అక్టోబరులో చాదర్‌ఘాట్ దగ్గర శంకర్‌నగర్, మూసానగర్‌లలో ఇళ్ళు కూలాయి. ఆ రోజుల్లో ఏ పేపరు తెరిచినా సబర్మతి పేరు, థేమ్స్ పేరు, సియోల్ నగరం పేరు. మంత్రులు, అధికారులు సియోల్ వెళ్ళి చూసొచ్చారు. ఆ విమానంలో బస్తీ ఆడవాళ్ళెవరూ లేరు. నేను బస్తీ మనిషిని కాను. అయినా ఆ పోలికలు చెప్పినవాళ్ళు చూసొచ్చిన చోట్లలో ఒక్కదాన్నయినా ఆడదాని కళ్ళతో చూడాలనిపించింది.

తిరిగొచ్చాక బస్తీ మీటింగులో ఒక అక్క సూటిగా అడిగింది: "చూసొచ్చిన్రు గదా, నిజం చెప్పున్రి. మంచిగున్నదా?"

మంచిగానే ఉంది అన్నాను. ఈ జవాబు మన మిత్రులు కొందరికి నచ్చలేదు. మనం వ్యతిరేకించే దానిలో మంచేమీ ఉండకూడదన్నట్టు మాట్లాడటం ఉద్యమాల్లో ఒక అలవాటైపోయింది. అది మనకే నష్టం. అక్కడ మంచి ఏముందో సరిగ్గా చెప్పలేకపోతే, ఆ మంచి ఎవరికి అందింది, ఎవరి దగ్గర తీసుకుని ఇచ్చారు అన్న ప్రశ్న కూడా సరిగ్గా అడగలేం. కాబట్టి ముందు మంచి చెప్తాను.

ఒడ్డు రెండు అంచెలుగా ఉంటుంది. పైన రోడ్డు, తోటలు, తినుబండారాల దుకాణాలు. మెట్లు దిగితే నీటి పక్కనే వెడల్పాటి నడకదారి. ఒక్కో ఒడ్డున పదకొండు కిలోమీటర్లకు పైగా ఆ దారి పోతుంది. కింది దారికి టిక్కెట్టు లేదు. ఏమీ కొననక్కరలేదు. సాయంత్రం ఆరు దాటాక అక్కడ సగానికి సగం ఆడవాళ్ళే అనిపించింది. ఒకరోజు ఆరుగురు ఆడవాళ్ళు, నా ఈడు వాళ్ళే, గట్టు మీద వరసగా కూర్చుని డబ్బాలు విప్పి థేప్లాలు తింటున్నారు. నాకూ ఒకటి పెట్టారు. ఏం పని మీద వచ్చారని వచ్చీరాని హిందీలో అడిగాను. ఒకావిడ నవ్వి, పనేమీ లేదు, ఊరికే వచ్చాం అంది.

ఊరికే. ఈ మాట దగ్గర కాసేపు ఆగుతాను. మన ఆడవాళ్ళు ఊరికే బయటికి వచ్చే చోట్లు ఎన్ని? గుడికి పోతాం, దవాఖానాకి పోతాం, రేషన్ షాపుకి, పిల్లల బడికి, మార్కెట్‌కి పోతాం. అన్నిటికీ ఒక పని చూపించాలి. చేతిలో సంచీ ఉండాలి. మగవాళ్ళు చాయ్ హోటల్ ముందు, పాన్ డబ్బా దగ్గర, చెట్టు కింద అరుగు మీద గంటలు గంటలు కూర్చుంటారు, ఎందుకు కూర్చున్నావని ఎవరూ అడగరు. ముంబయిలో షిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, షిల్పా రానడే అనే ముగ్గురు ఈ విషయం మీదే 2011లో 'వై లాయిటర్' అని ఒక పుస్తకం రాశారు. భద్రత పేరు చెప్పి స్త్రీలను ఇంట్లో ఉంచడం కాదు, పనీపాటా లేకుండా వీధిలో తిరిగే హక్కు స్త్రీలకూ ఉండాలన్నది వాళ్ళ వాదన. మన సంఘాల్లో దీన్ని తేలిగ్గా తీసుకుంటాం. తిండీ బట్టా లేనివాళ్ళ సమస్యలుండగా షికార్ల సంగతి ఎందుకంటాం. కానీ పొద్దుటినుంచి రాత్రి దాకా చాకిరీ చేసే మనిషికి గంటసేపు గాలికి కూర్చోవడం విలాసమా? ఎనిమిది గంటల పనిదినం కోసం పోరాడినవాళ్ళు విశ్రాంతిని కూడా హక్కుగానే అడిగారు. అది ఆడవాళ్ళ దగ్గరికి వచ్చేసరికి షికారు అయిపోయింది.

అక్కడ దీపాలున్నాయి. మరుగుదొడ్లున్నాయి. కూర్చోడానికి గట్లున్నాయి. ఈ మూడూ ఉంటే ఆడవాళ్ళు వస్తారు. పెద్ద పెద్ద పథకాల రిపోర్టులు రాసేవాళ్ళు ఈ మూడు మాటలు రాసుకుంటే చాలు.

ఇక రెండో సంగతి. ఆ గట్టు ఎక్కడినుంచి వచ్చింది?

సబర్మతి మన మూసీలాగే వానాకాలపు నది. ఏడాదిలో ఎక్కువ నెలలు ఇసుక. ఆ ఇసుకే ఒక ఊరు. ఎండాకాలం కూరగాయలు పండించేవాళ్ళు, సర్కస్ డేరాలు వేసేవాళ్ళు, పిల్లలు క్రికెట్ ఆడేవాళ్ళు. అద్దకం పనివాళ్ళు రంగు బట్టలు ఆరేసేవాళ్ళు. ఒడ్డున మురికివాడలు. మిల్లుల కాలంలో పనికోసం వచ్చినవాళ్ళు, 1980ల నుంచి మిల్లులు ఒకటొకటిగా మూతపడ్డాక కూలికీ బేరానికీ తిరిగినవాళ్ళు, వాళ్ళ పిల్లలు. అన్నట్టు నేత పని కోసం మన తెలంగాణ జిల్లాల నుంచి అహ్మదాబాద్ మిల్లులకు పోయిన కుటుంబాలు కూడా ఉన్నాయి. ఆ చరిత్ర వేరే చెప్పుకోవాలి.

నది ఒడ్డుని తీర్చాలన్న ఆలోచన కొత్తది కాదు. 1960లలో బెర్నార్డ్ కోన్ అనే ఫ్రెంచి వాస్తుశిల్పి మొదటిసారి ప్రతిపాదించాడు. 1997లో నగర కార్పొరేషన్ దీనికోసం ఒక కంపెనీ పెట్టింది. బిమల్ పటేల్ అనే వాస్తుశిల్పి సంస్థ నమూనా వేసింది. 2005లో పని మొదలైంది, 2012లో నడకదారిని జనానికి తెరిచారు. చేసిన పని ఏమిటంటే, రెండు పక్కలా కాంక్రీటు గోడ కట్టి నదిని ఇరుకు చేశారు. ఒకచోట వెడల్పుగా ఒకచోట సన్నగా ఉండే నది ఇప్పుడు కొలత పెట్టి గీసినట్టు సుమారు 263 మీటర్ల వెడల్పున పోతుంది. అలా నదినుంచి దాదాపు 200 హెక్టార్ల నేల బయటికొచ్చింది. అందులో ఎక్కువ భాగం రోడ్లు, తోటలు. కొంత భాగం అమ్మకానికి. ఖర్చు ఆ అమ్మకం నుంచి రాబట్టుకోవాలన్నది లెక్క. నిండుగా కనిపించే నీళ్ళు సబర్మతివి కావు, నర్మద కాలువనుంచి వదిలినవి. వాస్నా దగ్గర బ్యారేజి ఆ నీటిని నిలబెడుతుంది. బ్యారేజి దాటి కిందికి పోతే నదిలో ఉండేది నగరం మురుగు, ఫ్యాక్టరీల వ్యర్థాలు. 2021లో గుజరాత్ హైకోర్టు ఈ కాలుష్యాన్ని తనంత తానుగా విచారణకు తీసుకుంది. ఈ ఒడ్డు చూసి మురిసిపోయేవాళ్ళు పదిమైళ్ళు కిందికి పోయి అక్కడి పొలాల్లో కలుపు తీసే ఆడవాళ్ళని కూడా ఒకసారి చూస్తే బాగుండు.

ఒడ్డున ఉన్న కుటుంబాలు పదివేలకు పైగా. వాళ్ళని ఏం చేస్తారో చెప్పకుండానే పని మొదలవబోతుంటే, బస్తీలవాళ్ళు సబర్మతి నాగరిక్ అధికార్ మంచ్ అని సంఘం పెట్టుకున్నారు. 2005లో హైకోర్టుకు వెళ్ళారు. వాళ్ళ తరఫున గిరీశ్ పటేల్ వాదించారు. పేదల కేసులు వాదించడంలో పేరున్న న్యాయవాది, 2018లో చనిపోయారు. కోర్టు ఖాళీ చేయించడాన్ని ఆపింది. ఇక్కడ ఒక మాట గుర్తు పెట్టుకోండి. చాలా కుటుంబాలకు పక్కా ఇళ్ళు దక్కాయంటే అవి పథకంలో మొదటినుంచీ రాసిపెట్టి ఉన్నవి కావు. కోర్టుకెక్కితే, ఏళ్ళ తరబడి తిరిగితే వచ్చినవి. ఫలానా తేదీకి ముందునుంచి ఉన్నట్టు కాగితం ఉంటేనే ఇల్లు అన్న పేచీ ఆ ఏళ్ళంతా నడిచింది. కాగితం చూపించలేని కుటుంబాలు ఎన్నో. వాటిని నగరం అంచున, చెత్తకుప్పల దిక్కున, పిప్లజ్ దగ్గర గణేశ్‌నగర్ అనే చోట ఖాళీ నేల మీద దింపారు.

ఇల్లు వచ్చినవాళ్ళకి ఏమైంది? జవహర్‌లాల్ నెహ్రూ పట్టణ పునరుద్ధరణ పథకం కింద కట్టిన నాలుగంతస్తుల ఇళ్ళు ఇచ్చారు. లాటరీ తీసి ఎవరికి ఏది వస్తే అది. పక్కా గోడ, ఇంట్లోనే మరుగుదొడ్డి. ఇది చిన్న విషయం అంటే నేనొప్పుకోను. తెల్లారకముందే ఏటి ఒడ్డుకి పోయి వచ్చిన ఆడవాళ్ళకి ఇంట్లో మరుగుదొడ్డి అంటే ఏమిటో మనలో కొందరికి అనుభవమే. కానీ ఆ ఇళ్ళలో చాలా వరకు వట్వాలాంటి శివార్లలో ఉన్నాయి. వట్వా ఇళ్ళ మీద సెప్ట్ విశ్వవిద్యాలయం పరిశోధకులు చేసిన అధ్యయనం ఒకటుంది. స్త్రీల భద్రత, స్త్రీల రాకపోకలు అన్నదే దాని విషయం. చదివితే మన బస్తీల సంగతి చదివినట్టే ఉంటుంది.

మ్యాపు దగ్గర పెట్టుకుని చూస్తే ఈ లెక్క అర్థమవుతుంది. పాత ఒడ్డునుంచి జమాల్‌పూర్ కూరగాయల, పూల మార్కెట్ నడక దూరం. మాణెక్ చౌక్ నడక దూరం. నదికి అవతల పక్క పాల్డీ, నవరంగపురా. ఇళ్ళలో పని దొరికేది అక్కడ. జమాల్‌పూర్ గల్లీల్లో ముస్లిం ఆడవాళ్ళు ఇంట్లో కూర్చుని గాలిపటాలు చేస్తారు. సంక్రాంతికి గుజరాతంతా ఎగిరే పటాల్లో వాళ్ళ చేతి పని చాలా ఉంది. కాగితం తెచ్చిచ్చే మనిషి, చేసినవి పట్టుకుపోయే మనిషి ఆ గల్లీల చుట్టే తిరుగుతాడు. ఇల్లు శివారుకి మారితే మగవాడు సైకిలో బండో వేసుకుని పనికి పోతాడు. ఆడమనిషికి మాత్రం పొద్దున రెండిళ్ళు, మధ్యాహ్నం వచ్చి పిల్లలకి అన్నం, సాయంత్రం మళ్ళీ ఒకిల్లు అన్న లెక్క తప్పిపోతుంది. దూరం అందరికీ ఒకటే, కానీ రోజుకి రెండుసార్లు ఇల్లు చూసుకోవాల్సిన మనిషికి అది రెండింతలు. ఆ చాకిరీకి జీతం లేదు కాబట్టి పునరావాస పథకాల లెక్కల్లో ఈ దూరం ఖర్చుగా పడదు. లాటరీలో పాత ఇరుగుపొరుగు చెదిరిపోతే పిల్లని ఒక గంట చూసే పక్కింటామె కూడా ఉండదు. దీనికీ ఏ పథకంలోనూ పద్దు లేదు.

మన దగ్గర 2023 డిసెంబరు 9 నుంచి ఆడవాళ్ళకి బస్సు ఉచితం అయ్యింది కదా, దూరమైతే ఏమిటి అని ఒక అధికారి మనవాళ్ళతో అన్నాడట. టిక్కెట్టు డబ్బులు మిగిలాయి, నిజమే. గంటన్నర మిగలలేదు.

ఇప్పుడు ఆదివారం సంత సంగతి. నాకు అన్నిటికన్నా ఆశ కలిగించింది ఇదే. రవివారీ అంటారు, గుజరీ బజార్ అని పాత పేరు. నగరాన్ని స్థాపించిన అహ్మద్ షా కాలంలో, అంటే పదిహేనో శతాబ్దం మొదట్లో పుట్టిన సంత అని చెప్పుకుంటారు. ఇటీవలి కాలంలో ఎల్లిస్ బ్రిడ్జి కింద ఇసుకలో జరిగేది. పాత బట్టలు, పాత పుస్తకాలు, పనిముట్లు, మంచాలు, ఇత్తడి సామాను, కోళ్ళు, అన్నీ. మన జుమేరాత్ బజార్, ఎర్రగడ్డ ఆదివారం సంత గుర్తొచ్చాయి నాకు. దేవీపూజక్ అనే కులం ఆడవాళ్ళు వీధి వీధీ తిరిగి స్టీలు గిన్నెలిచ్చి పాత బట్టలు తీసుకుంటారు, ఉతికి కుట్టి అమ్ముతారు. మన ఇళ్ళ ముందు కూడా 'పాత బట్టలకి స్టీలు సామాన్లూ' అని కేక వినపడుతుంది కదా, అదే పని. కూలివాడు వేసుకునే ప్యాంటు, పిల్లలకి బడికి కావలసిన చొక్కా ఇలాంటి చేతుల మీదుగానే వస్తాయి.

రివర్ ఫ్రంట్ నమూనాలో ఈ సంత సంగతి తేలకపోయేసరికి అమ్ముకునేవాళ్ళు ఊరుకోలేదు. వాళ్ళ సంఘం కోర్టుకి పోయింది. నమూనా ఎలా ఉండాలో కూడా వాళ్ళే వాదించారు. చివరికి 2014లో అదే ఒడ్డున, కొత్త అరుగులు, చెట్లు, దీపాలతో సంత మళ్ళీ మొదలైంది. అరుగు దక్కనివాళ్ళూ ఉన్నారు, రోడ్డు పక్కన దుప్పటి పరుచుకుని అమ్ముతున్నారు. అయినా చూడండి, ఒకే నది, ఒకే పథకం. ఇళ్ళు ఉన్నవాళ్ళు వెళ్ళిపోవాల్సి వచ్చింది, సంత మాత్రం నిలిచింది. తేడా ఎక్కడ వచ్చింది? సంతకి పాత సంఘం ఉంది. ఆ ఊళ్ళో అమ్ముకునే ఆడవాళ్ళని కూడగట్టిన అనుభవం ఉంది. ఇలా భట్ గారు మొదలుపెట్టిన 'సేవా' 1972లో అక్కడే రిజిస్టరైంది, మాణెక్ చౌక్‌లో గంప పెట్టుకునే ఆడవాళ్ళ తరఫున సుప్రీంకోర్టు దాకా పోయింది. నదిలో ఉన్న ఇసుక ఎవరిదీ కాదు అని ప్రభుత్వం అంటుంటే, వారానికి ఒకరోజు అది మాది అని చెప్పగలిగారు వాళ్ళు.

రాత్రి పూట నదిలో దీపాలు పెట్టుకుని తేలే హోటల్ ఒకటి తిరుగుతుంటుంది. 2023లో వచ్చింది. పాటలు వినపడతాయి. అందులో భోజనం మనిషికి వందల్లో కాదు, వేలల్లో మాట. నదికి అడ్డంగా 2022 ఆగస్టులో తెరిచిన నడక వంతెన ఉంది, గాలిపటాల రంగులతో, చాలా అందంగా. దానికి టిక్కెట్టు. పూల తోటకి టిక్కెట్టు. ఒక్కొక్కటీ చూస్తే పెద్ద మొత్తం కాదు. కానీ అయిదుగురున్న కుటుంబం గేటు దగ్గర నిలబడి లెక్క వేసుకోవడం, చివరికి ఆవిడ "మీరు పోయి రండి, నేనిక్కడ చెప్పుల దగ్గర కూర్చుంటా" అన్నట్టు పిల్లల్ని, మగాయన్ని లోపలికి పంపడం నా కళ్ళారా చూశాను. ఆవిడ పక్కనే కూర్చున్నాను. ఏమీ మాట్లాడుకోలేదు. ఇంట్లో కూర తక్కువైనప్పుడు ఎవరి కంచంలో తగ్గుతుందో, ఇక్కడా అంతే. అందుకే అంటున్నాను, ఒడ్డున టిక్కెట్టు పెట్టడమనేది స్త్రీల సమస్య కూడా. కింది నడకదారి ఉచితంగా ఉన్నంతకాలం ఆ ఒడ్డు ఆడవాళ్ళది. భూమి అమ్మి ఖర్చు రాబట్టాలన్న లెక్క తప్పితే తర్వాత చెయ్యి పడేది ఎక్కడో ఊహించుకోవచ్చు.

సియోల్ గురించి రెండు ముక్కలు, మనవాళ్ళు చూసొచ్చారు కాబట్టి. అక్కడ చొంగ్యేచొన్ అనే వాగు మీద కట్టిన పైరోడ్డుని తీసేసి 2005లో నీళ్ళు మళ్ళీ పారించారు. ఆరు కిలోమీటర్లు కూడా లేదు. చూసినవాళ్ళంతా మెచ్చుకుంటారు. దాని పక్కన పాత సామాన్లు అమ్ముకునేవాళ్ళని ముందు ఒక పాత స్టేడియంలోకి పంపారు. కొన్నేళ్ళకి ఆ స్టేడియాన్ని కూల్చి ఇంకో పెద్ద భవనం కట్టాలన్నారు, వాళ్ళని 2008లో మళ్ళీ ఇంకోచోటికి పంపారు. చూసొచ్చినవాళ్ళు ఈ భాగం చెప్పలేదు.

ఇక మన ఊరు. మూసీ గర్భంలో ఇళ్ళుండటం మంచిదని నేను వాదించను. 1908 సెప్టెంబరు వరదలో వేలమంది పోయారు, ఆ తర్వాతే ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ కట్టారు. 2020 అక్టోబరు వరద మన కళ్ళముందు జరిగింది. 2025 సెప్టెంబరులో మహాత్మాగాంధీ బస్టాండులోకే నీళ్ళొచ్చాయి. నీళ్ళు ఇంట్లోకి వచ్చినప్పుడు బియ్యం డబ్బా, పిల్లల సర్టిఫికెట్లు నెత్తిన పెట్టుకుని గట్టెక్కిన ఆడవాళ్ళు ఈ సభలో ఉన్నారు. కదలం అని అందరూ అనడం లేదు. ఎక్కడికి, ఎవరితో, ఎవరి పేరున, ఎప్పుడు అని అడుగుతున్నారు. ఈ నాలుగు ప్రశ్నలకి గోడ మీద ఎర్ర గుర్తు జవాబు కాదు.

చట్టంలో మనకి పట్టు దొరికే చోట్లున్నాయి. ఓల్గా టెల్లిస్ కేసులో 1985లో సుప్రీంకోర్టు బతుకుతెరువు కూడా జీవించే హక్కులో భాగమే అన్నది. ఖాళీ చేయించొద్దని మాత్రం అనలేదు, నోటీసు ఇచ్చి వాదన విని చేయమన్నది. మొదటి సగమే చెప్పుకుంటే కోర్టులో మోసపోతాం. 2013 భూసేకరణ, పునరావాస చట్టంలో భర్త చనిపోయినవాళ్ళని, విడాకులు పొందినవాళ్ళని, ఇంటివాళ్ళు వదిలేసినవాళ్ళని విడి కుటుంబంగా లెక్కించాలని ఉంది. మీరు ఆక్రమణదారులు, ఆ చట్టం మీకు వర్తించదు అంటారు. వర్తించినా లేకున్నా ఆ నిర్వచనం పార్లమెంటు ఒప్పుకున్నది, దాన్నే మా సర్వేలో వాడండి అని అడగవచ్చు. అన్న ఇంట్లో ఒక మూల గదిలో ఉండే ఒంటరి ఆడమనిషి ఏ సర్వేలోనూ కనిపించదు. ఇల్లు అన్న పేరున పడితే రేపు ఆ మూల కూడా ఉండదు.

వీధి వ్యాపారుల చట్టం 2014లో వచ్చింది. సర్వే చేసి ధ్రువపత్రాలు ఇచ్చేదాకా ఎవరినీ తీసేయకూడదని ఉంది. పట్టణ వ్యాపార కమిటీలో నూటికి నలభైమంది అమ్ముకునేవాళ్ళే ఉండాలి, అందులో మూడోవంతు ఆడవాళ్ళు. యాభై ఏళ్ళు దాటిన సంతని వారసత్వ సంతగా గుర్తించి అక్కడివాళ్ళని కదపకూడదనీ ఉంది. పురానాపూల్ పక్కన జుమేరాత్ బజార్‌కి యాభై ఏళ్ళు ఎప్పుడో దాటాయి. గురువారం అక్కడికి పోయి ఎంతమంది ఆడవాళ్ళు అమ్ముతున్నారో పేరు పేరునా రాసుకోవడానికి మనకి ఏ జీవో అక్కర్లేదు. మూసీ పటం మీద గీతలు పడకముందే మన లెక్క మన చేతిలో ఉండాలి.

మరో మాట. కొత్త ఒడ్డు ఎలా ఉండాలన్న చర్చలో కూడా మనం ఉండాలి. అది ఇంజనీర్లకి, పర్యాటక శాఖకి వదిలేసి మనం పునరావాసం గురించి మాత్రమే మాట్లాడితే, ఖాళీ చేసేవాళ్ళుగా తప్ప ఆ ఒడ్డు మీద కూర్చునేవాళ్ళుగా మనల్ని ఎవరూ చూడరు. హోటళ్ళు పెట్టుకోండి, పడవలు తిప్పుకోండి. నీటి పక్క దారికి ఎప్పటికీ టిక్కెట్టు ఉండకూడదని నిబంధనల్లో రాయండి. మరుగుదొడ్డికి డబ్బులు అడగొద్దు. మొక్కజొన్న పొత్తు కాల్చి అమ్మే ఆమెకి, పూలమ్మే ఆమెకి నిలువనీడతో చోటు నమూనాలోనే గియ్యండి, తర్వాత చూద్దాం అనొద్దు. ఊడ్చే పని, తోట పని, టిక్కెట్ల దగ్గర పని కాంట్రాక్టరుకి పోతే ఒడ్డునుంచి లేపిన ఇంటివాళ్ళకి మొదటి హక్కు ఉండాలి, కనీస వేతనం, భవిష్యనిధి ఉండాలి. ఇవి గొంతెమ్మ కోరికలు కావు. అహ్మదాబాద్‌లో సంత నమూనాని మార్పించినవాళ్ళు చదువుకున్న ఇంజనీర్లు కారు.

వినతిపత్రం ముసాయిదా తెలుగులో, ఉర్దూలో వెనక బల్ల మీద పెట్టాం. చదివి, తప్పులుంటే పెన్నుతో దిద్ది ఇవ్వండి. దానితోపాటు ఒక పేజీ ఫారం ఉంది. ఇంట్లో ఎంతమంది ఆడవాళ్ళు, ఒక్కొక్కరు ఏ పని చేస్తారు, పనికి నడిచి పోతారా బస్సులోనా, రోజుకి ఎన్నిసార్లు ఇంటికొస్తారు, ఎవరి దగ్గర పిల్లల్ని వదులుతారు అని అడిగాం. కరెంటు బిల్లు, రేషన్ కార్డు, పిల్లల బడి కాగితం, ఏది పాతదుంటే దాని జిరాక్సు జతచేయండి. ఒంటరిగా ఉన్నవాళ్ళు అన్న ఫారంలో కాదు, విడి ఫారంలో రాయించండి. రాయడం రానివాళ్ళకి రాసిపెట్టడానికి కాలేజీ పిల్లలు నలుగురు వచ్చి కూర్చున్నారు, సాయంత్రం ఏడు దాకా ఉంటారు.